ఈసీఎం రికార్డ్స్: ఏళ్ల తరబడి విన్నాక

కొత్తగా మంచి హెడ్‌ఫోన్స్ కొన్నవాళ్లు ఏం వినాలని అడిగితే నేను ముందు ఈసీఎం పేరే చెబుతాను. 1969లో జర్మనీలోని మ్యూనిక్‌లో మొదలైన స్వతంత్ర సంగీత రికార్డింగ్ సంస్థ ఇది. మొదలుపెట్టిన మాన్‌ఫ్రెడ్ ఐషర్ స్వయంగా డబుల్ బేస్ (మంద్రస్వరాలు పలికే పెద్ద తీగ వాద్యం) వాయించేవారు. చాలా రికార్డులకు నిర్మాత ఆయనే. ఎక్కువ ఆల్బమ్‌లకు రెండు రోజులు రికార్డింగ్, మూడో రోజు మిక్సింగ్, అంతే.

నన్ను కట్టిపడేసింది మాత్రం ఎల్. శంకర్ 'హూజ్ టు నో'. 1980లో రికార్డు చేశారు. ఆయన పది తీగల డబుల్ వయొలిన్, ఉమయాళ్‌పురం శివరామన్ మృదంగం, జాకిర్ హుస్సేన్ తబలా. ఎల్పీ రికార్డులో ఒక వైపంతా రాగం తానం పల్లవే. హైదరాబాద్ కచేరీల్లో నేను విన్న చాలాసార్లు మృదంగం స్పీకర్లలోకి వచ్చేసరికి ఎడమ వైపు నాదం ముద్దగా అయిపోతుంది. ఇందులో తొప్పి (మృదంగం ఎడమ ముఖం) మీద గుంకి, అంటే చేతిని జార్చి పలికించే మంద్రనాదం, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. పక్కనే తబలా ఉన్నా రెండూ కలగాపులగం కావు. కర్ణాటక సంగీతాన్ని ఇంత శ్రద్ధగా రికార్డు చేసినవాళ్లు మన దగ్గరే తక్కువ, ఆ బాధ నాకు నిజంగా ఉంది.

ఆ తర్వాత అమెరికన్ జాజ్ పియానిస్టు కీత్ జారెట్ 'కొలోన్ కాన్సర్ట్' వినండి. 1975 జనవరి 24న ఆయన అడిగిన పియానో రాలేదు. దొరికింది చిన్నది, శ్రుతి కూడా సరిగా లేదు. తారస్థాయి పలచన, మంద్రంలో బలం లేదు. అందుకే ఎక్కువగా మధ్యస్థాయిలోనే ఉండి, ఎడమ చేత్తో ఒకే నడకను మళ్లీ మళ్లీ వాయించారు. గంటకు పైగా సాగే ఆ కచేరీ దాదాపు అంతా అప్పటికప్పుడు అల్లిన మనోధర్మమే. రాగాలాపన అలవాటైన చెవికి ఇదేమీ పరాయిది కాదు.

లోపాలూ ఉన్నాయి. చాలా రికార్డుల్లో ప్రతిధ్వని ఒకేలా ఉంటుంది. వరసగా నాలుగు వింటే ఎవరు వాయిస్తున్నారన్న తేడా పోతుంది. పైగా అమీర్‌పేట ట్రాఫిక్‌లో వీటిని అసలు వినలేం. ఇంట్లో కూడా సీలింగ్ ఫ్యాను చప్పుడుకి సన్నని స్వరాలు మాయమవుతాయి. ఏసీ ఉంటే కాస్త నయం. దిగుమతి ఎల్పీల ధర నా వల్ల కాదు. 2017 నవంబరులో స్ట్రీమింగ్‌లోకి వచ్చాకే నాకు ఈ సంస్థ పూర్తిగా అందింది. కానీ సీడీతో వచ్చే చిన్న పుస్తకం అక్కడ సాధారణంగా ఉండదు. ఎవరు ఏ వాద్యం వాయించారో విడిగా వెతుక్కోవాలి.

కచేరీలకు వెళ్లే అలవాటుంటే శంకర్‌తో మొదలుపెట్టండి. లేదంటే జారెట్‌తో. ఇదే సంస్థ తెచ్చిన, ఎస్టోనియా స్వరకర్త ఆర్వో పార్ట్ 'టబులా రాసా' మాత్రం రాత్రి పదకొండు దాటాక, ఫ్యాను ఆపేసి వినండి.