మోంతోబాన్‌లో మూడు చేతుల స్త్రీ

ఆయన పేరు ఆంగ్ర్, రెండు వందల ఏళ్ల కిందటి ఫ్రెంచి చిత్రకారుడు. ఇంగ్లీషు అక్షరాల్లో చూసి నేను ముప్ఫై ఏళ్లపాటు ‘ఇంగ్రెస్’ అనే బడిపిల్లలకు చెప్పాను. పారిస్‌లో ఆ మాట అనగానే టికెట్టు చూసే అమ్మాయి మర్యాదగా నవ్వు ఆపుకుంది. తీరా ఆయన సొంతూరు మోంతోబాన్ వెళితే అక్కడి వాళ్ల నోట అది ‘ఏంగ్రె’ అన్నట్టు వినిపించింది. దక్షిణ ఫ్రాన్సు యాసలో మాట చివరి అచ్చు మింగేయరు. మాటలు అచ్చుతో ముగిసే అజంత భాష మాట్లాడే మనకు చెవికి హాయిగా ఉండే యాస అది.

నేను డ్రాయింగు మాస్టారిగా పనిచేసి రిటైరయ్యాను. హయ్యర్ గ్రేడు పరీక్షకు తయారవుతున్న రోజుల్లో ఒక పాత పుస్తకంలో ఆంగ్ర్ పెన్సిలు బొమ్మ ఒకటి దొరికింది. అచ్చు మసకగా ఉన్నా ఆ గీత మాత్రం కత్తి అంచులా ఉంది. దాన్ని చూసి ఎన్నిసార్లు దించానో లెక్కలేదు. మా మేనల్లుడు టూలూజ్‌లో విమానాల రంగంలో ఇంజినీరుగా చేరి, ‘మామయ్యా, ఒకసారి రండి’ అని పిలిచినప్పుడు నేను మొదట అడిగింది, అక్కడి నుంచి మోంతోబాన్ ఎంత దూరమని. యాభై కిలోమీటర్లట. రైల్లో అరగంట. మా ఆవిడ అడిగింది మాత్రం అక్కడ కరివేపాకు దొరుకుతుందా అని.

ముందు పారిస్‌లో నాలుగు రాత్రులు ఉన్నాం. లా షాపెల్ మెట్రో స్టేషనుకు దగ్గరలో ఒక చిన్న హోటల్లో దిగాం. ఆ చుట్టుపక్కల శ్రీలంక తమిళుల దుకాణాలు వరసగా ఉంటాయి కాబట్టి ఇడ్లీ, దోసె, కరివేపాకు అన్నీ దొరికాయి. తిండి సంగతి తలచుకుంటే ఆ పేట ఎంపిక సరైనదే. హోటల్ గురించి అంత గట్టిగా చెప్పలేను. లిఫ్టులో ఒక మనిషి, ఒక పెట్టె పడితే తలుపు మూసుకోవడం కష్టం. అందుకని మేము విడతలుగా ఐదో అంతస్తుకు చేరాం. గదిలో నీళ్లు కాచుకునే కెటిల్ లేదు. చివరి రోజు మనిషికి రాత్రికి ఇంత అని ఊరి పన్ను విడిగా కట్టమన్నారు. అది పారిస్‌లో అన్ని బసలకూ ఉన్నదే, మేమే ముందు లెక్కలో వేసుకోలేదు. పక్కబట్టలు శుభ్రంగా ఉన్నాయి, వీధి రాత్రంతా మెలకువగానే ఉంది.

లూవ్ర్ మ్యూజియానికి మంగళవారం సెలవు. బుధ, శుక్రవారాల్లో రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంటుంది. మేము వెళ్లిన 2025 మే నెలలో టికెట్టు 22 యూరోలు. 2026 జనవరి నుంచి మనలాంటి ఐరోపా బయటి దేశాల వాళ్లకు 32 యూరోలు చేశారు. ఈ లెక్క ఎందుకు చెబుతున్నానంటే, నేను రెండుసార్లు కొనాల్సి వచ్చింది. అంత పెద్ద మ్యూజియంలో వారంలో ఫలానా రోజు ఫలానా గదులు మూసి ఉంటాయని వాళ్ల వెబ్‌సైటులో పట్టిక ఉంటుంది. అది చూసుకోకుండా బుధవారం సాయంత్రం వెళ్లాను. నాకు కావలసిన గదులు కొన్ని ఆ రోజు మూసి ఉన్నాయి. తప్పు నాదే. మా ఆవిడ రెండోసారి రానని చెప్పి, సేన్ నది ఒడ్డున బెంచీ మీద కూర్చుంది.

మొదటి రోజు దొరికింది దారూ హాలు. ఎర్ర గోడలు, ఎత్తయిన కప్పు. ఒక గోడంతా ఆంగ్ర్ గురువు డేవిడ్ వేసిన నెపోలియన్ పట్టాభిషేకం, దాదాపు పది మీటర్ల వెడల్పు. జనం దాని ముందు ఆగుతారు. తర్వాత మోనాలిసా గది వైపు బాణం గుర్తు చూసుకుని కదిలిపోతారు. ఆ ప్రవాహానికి పక్కగా ‘గ్రాంద్ ఒదలీస్క్’ అనే అంతఃపుర స్త్రీ వీపు తిప్పి పడుకుని ఉంటుంది. 1814లో నేపుల్స్ రాణి కరోలిన్ మురా కోసం వేసిన బొమ్మ. 1819లో ప్రదర్శనకు పెడితే, వెన్నులో మూడు పూసలు ఎక్కువున్నాయని ఒక విమర్శకుడు వెక్కిరించాడు. మన కాలంలో వైద్యులు కొలిచి చూసి మూడు కాదు, ఐదు అన్నారు. నా విద్యార్థి ఎవరైనా ఇలా వేసి తెస్తే సగం మార్కులు కోసేవాణ్ని. అక్కడ నిలబడి చూస్తుంటే మాత్రం, మెడ దగ్గర మొదలైన గీత నడుము దాకా ఎక్కడా తడబడకుండా జారుతుంటే, ఏ పూస తీసేయమంటావని ఆ బొమ్మే నన్ను అడిగినట్టుంది.

శుక్రవారం సల్లీ భవనం రెండో అంతస్తుకు చేరాను. అంత దూరం మెట్లెక్కి వచ్చేవాళ్లు తక్కువ. ‘మస్య బెర్తాన్’ ముందు దాదాపు పావుగంట నేనొక్కణ్నే ఉన్నాను. 1832 నాటి బొమ్మ. ఒక పత్రిక యజమాని, అరవై దాటిన మనిషి, రెండు మోకాళ్ల మీద రెండు చేతులు ఆనించి, తీర్పు చెప్పడానికి కూర్చున్న మునసబులా ఉంటాడు. ఈ భంగిమ దొరక్క ఆంగ్ర్ ఏడ్చినంత పని చేశాడట. చివరికి ఒక సాయంత్రం బెర్తాన్ ఎవరితోనో వాదిస్తూ ఇలా కూర్చోవడం చూసి, అదిగో అదే అనుకున్నాడని చెబుతారు. దగ్గరికి వెళ్లి చూడవలసింది కుర్చీ చేతిని. మెరుగు పెట్టిన ఆ చెక్క మీద ఒక కిటికీ ప్రతిబింబం పడి ఉంది. బొమ్మలో ఎక్కడా కిటికీ లేదు. అది చిత్రకారుడి గదిలోది, మనం నిలబడిన వైపున ఉండవలసినది. నేను అసంకల్పితంగా వెనక్కి తిరిగి చూశాను.

అక్కడే ‘టర్కీ స్నానం’ కూడా ఉంది. గుండ్రటి బొమ్మ, నిండా స్త్రీలు. ముందు చదరంగానే వేశాడు. కొనుక్కున్న దొరగారి భార్యకు నచ్చక తిరిగొస్తే గుండ్రంగా మార్చాడు. 1862లో ముగించి, తన వయసు ఎనభై రెండని లాటిన్‌లో రాసుకున్నాడు. అటు తిరిగి వీపు చూపిస్తూ వాద్యం మీటుతున్న ఆమె 1808లో వేసిన ‘స్నానం చేసిన స్త్రీ’ బొమ్మలోని మనిషే. యాభై ఏళ్లు ఒకే వీపును మోసుకు తిరిగిన మనిషి అంటే నాకు గౌరవం కలిగింది. కింద దుకాణంలో ఈ బొమ్మ పోస్టుకార్డు ఒకటి కొని చొక్కా జేబులో పెట్టుకున్నాను.

మోంపర్నాస్ స్టేషను నుంచి టూలూజ్‌కు వేగం రైల్లో నాలుగున్నర గంటలు. ముందుగా కొంటే టికెట్టు చౌక, ఆఖరి నిమిషంలో మోయలేం. మేనల్లుడి ఇంట్లో రెండు రోజులు పప్పు, ఆవకాయ. ‘మోంతోబాన్‌లో ఏముంది మామయ్యా, అరపూటలో చూసి వచ్చేయొచ్చు’ అన్నాడు. ఒక రాత్రి ఉంటామని పట్టుబట్టాను. పట్టుబట్టి మంచిపని చేశాను. ఆ ఊరి మ్యూజియానికి సోమవారం సెలవు కాబట్టి మంగళవారం బయలుదేరాం.

స్టేషను నదికి ఒక వైపు, ఊరు మరో వైపు. తార్న్ నది మీద పద్నాలుగో శతాబ్దపు ఇటుక వంతెన దాటాలి. ఊరంతా గులాబీ రంగు ఇటుక. మన ఇటుకలా మందంగా కాదు, పలుచగా, వెడల్పుగా, పెద్ద బిస్కెట్లు పేర్చినట్టు ఉంటుంది. వంతెన దాటగానే పాత బిషప్పుల భవనం, అదే మ్యూజియం. పెట్టెలతో పావుగంటకు పైగా నడక. మా వయసు వాళ్లకు చక్రాల పెట్టె తప్పనిసరి.

మేము చేరేసరికి మధ్యాహ్నం రెండుంపావు. ఈ ఊళ్లో భోజన హోటళ్ల వంటిళ్లు రెండింటికి మూసేస్తారు. ‘కొంచెం ఏదైనా’ అని మూడు చోట్ల అడిగాం, మూడు చోట్లా తల అడ్డంగా ఊపారు. చివరికి బేకరీలో రొట్టె, పక్క కొట్లో జున్ను కొని, జంట కమానుల వరండాలున్న ప్లాస్ నాసియోనాల్ చౌకులో కూర్చుని తిన్నాం. అక్కడే ‘బూలే’ అనే మిఠాయి పొట్లం కొన్నాం. వేయించిన హేజెల్ గింజకు చాక్లెట్ పూత. బూలే అంటే ఫిరంగి గుండు. 1621లో పదమూడో లూయీ రాజు ప్రొటెస్టెంట్ల కోటగా ఉన్న ఈ ఊరిని ముట్టడించి, గుండ్ల వర్షం కురిపించి, గెలవలేక వెనుదిరిగాడు. ఆ గుండ్లనే ఇప్పుడు చప్పరిస్తున్నారు.

ఈ కథ తెలిశాక పెద్ద చర్చిలో ఆంగ్ర్ బొమ్మ చూడటం మరో రకంగా ఉంటుంది. ఆ చర్చి గులాబీ ఊళ్లో ఒంటరిగా తెల్లరాయి కట్టడం. లోపల పక్క భాగంలో ‘పదమూడో లూయీ మొక్కు’ వేలాడుతోంది. అదే రాజు మోకరిల్లి కిరీటం, రాజదండం మేరీమాతకు అర్పిస్తున్నాడు. తమను ముట్టడించిన రాజుకే ఊరు తన గుళ్లో చోటిచ్చిందన్నమాట. 1824లో పారిస్ ప్రదర్శనలో ఆంగ్ర్‌కు మొదటిసారి జేజేలు పలికించిన బొమ్మ ఇది. నిజం చెప్పాలంటే నాకు అంతగా పట్టలేదు. పై సగం పాతకాలపు ఇటలీ చిత్రకారుడు రఫాయేల్ పోలికది, కింది సగం మాత్రమే ఆంగ్ర్‌ది అనిపించింది. తెరలు పక్కకు లాగుతున్న దేవదూతల చేతులు బాగున్నాయి. ప్రవేశం ఉచితం, వెలుతురు తక్కువ, మధ్యాహ్నమే వెళ్లాలి.

రాత్రి బస ఒక పాత ఇంట్లో. ఇంటావిడే గదులు అద్దెకిచ్చి పొద్దున ఫలహారం పెడుతుంది. పారిస్ హోటల్ గదికి ఇచ్చినదానిలో సగమే ఇక్కడ ఇచ్చాం, గది రెండింతలుంది. మెట్లు మాత్రం మెలికల మెట్లు, లిఫ్టు లేదు. మేము మాంసం తినమని సైగలతో చెప్పగానే ఆవిడ పళ్లపాకం సీసాలు ఐదు తెచ్చి బల్ల మీద పేర్చింది. అన్నీ ఇంట్లో చేసినవే. మా ఆవిడ, ఆవిడ భాష తెలియకుండానే గంటసేపు మాట్లాడుకున్నారు. ఆ పళ్లపాకం ఎలా చేస్తారో మా ఆవిడకు ఇప్పుడు తెలుసు.

మర్నాడు పొద్దున మ్యూజియం తలుపు తీయగానే లోపలికి వెళ్లాం. ఆంగ్ర్ 1851లో తన సేకరణలో కొంత ఊరికి ఇచ్చి, మిగతాది వీలునామాలో రాశాడు. 1867లో ఆయన పోయాక సుమారు 4,500 గీతబొమ్మలు ఇక్కడికి చేరాయి. కాగితానికి వెలుగు సరిపడదు కాబట్టి ఒక్కసారి కొన్నే బయట పెడతారు. మసక దీపాల కింద వాటిని చూస్తూ నేను ఎక్కడికక్కడే ఆగిపోయాను. ఒకే మోచేతిని నాలుగుసార్లు గీసుకున్నాడు. ఒక బట్ట మడతను విడిగా, పాదాన్ని విడిగా. మూలల్లో గిలికిన మాటలు, చెరిపిన మచ్చలు. లూవ్ర్‌లో ఎక్కడా తడబడని ఆ గీత ఇక్కడ అడుగడుగునా తడబడుతోంది.

ఒక అద్దాల పెట్టెలో ఆయన వయొలిన్ ఉంది. కుర్రతనంలో టూలూజ్ వాద్యబృందంలో వాయించి నాలుగు డబ్బులు సంపాదించుకున్నాడు. పెద్దయ్యాకా విడిచిపెట్టలేదు. ఫ్రెంచి వాళ్లు ఇప్పటికీ మనిషికి వృత్తి కాక ఉండే ఇష్టాన్ని ‘ఆంగ్ర్ వయొలిన్’ అంటారు. మనం ప్రవృత్తి అంటామే, అదే. పక్క గదిలో ‘ఓసియన్ కల’ అనే పెద్ద బొమ్మ. రోమ్‌లో నెపోలియన్ పడకగది పైకప్పుకని వేసింది. ఆ గదిలో నెపోలియన్ ఒక్క రాత్రీ పడుకోలేదు.

ఇంకో ముచ్చట కూడా ఇక్కడిదే. రెండో ప్రపంచయుద్ధంలో లూవ్ర్ బొమ్మల్ని పల్లెల్లో దాచినప్పుడు, 1940 నుంచి 1943 మొదటి నెలల దాకా మోనాలిసా ఉన్నది ఈ భవనంలోనే. పారిస్‌లో ఆంగ్ర్‌ను దాటుకుని ఆమె కోసం పరిగెత్తే జనాన్ని తలచుకుని నేను ఒక్కణ్నే నవ్వుకున్నాను.

మూడు చేతుల స్త్రీ కనిపించింది ఆ తర్వాత. చిన్న తైలవర్ణ నమూనా, కాగితం మీద వేసింది. ‘టర్కీ స్నానం’లో కుడివైపు ముందు వాలి పడుకున్న ఆమెకు ముందుగా వేసుకున్న బొమ్మ. రెండు చేతులూ నచ్చక మూడోది కూడా వేసి, ఏదీ చెరపకుండా వదిలేశాడు. నాలుగు చేతుల దేవుళ్లను చూస్తూ పెరిగినవాళ్లం కాబట్టి మా ఆవిడ ఆశ్చర్యపోలేదు. ‘ఇంకో చెయ్యి వేసి ఉంటే సరిపోయేది’ అంది. ఆ మనిషి భంగిమకు మూలం, 1818 ప్రాంతంలో ఆంగ్ర్ తన మొదటి భార్య మదెలీన్‌ను చూసి గీసుకున్న బొమ్మ. పెద్ద చిత్రం పూర్తయ్యేనాటికి ఆమె పోయి పదమూడేళ్లు.

‘చివరికి ఏ చెయ్యి ఉంచాడు?’ అని మా ఆవిడ అడిగింది. ఐదు రోజుల కిందటే పారిస్‌లో ఆ బొమ్మ ముందు నిలబడి వచ్చినవాణ్ని, నోరు పెగల్లేదు. ఆ మూల నేను చూడనేలేదు, వీపునే చూస్తూ ఉండిపోయాను. జేబులోంచి నలిగిన పోస్టుకార్డు తీసి, కళ్లద్దాలు మార్చి, కిటికీ దగ్గరికి తీసుకెళ్లాను. రెండు చేతులూ తల మీదికి ఎత్తి ఉన్నాయి. మూడోదాని జాడ ఎక్కడా లేదు. మా ఆవిడ కార్డు తీసుకుని మళ్లీ ఒకసారి లెక్కపెట్టింది.