అద్దె ఇంటి నిర్వహణ సేవ: రెండేళ్ల వాడకం తర్వాత

పెట్టుబడిగా కొన్న ఫ్లాటుకు దూరంగా ఉంటున్నందువల్ల దాన్ని ఒక నిర్వహణ సంస్థకు అప్పగించి రెండేళ్లు దాటింది. అద్దెదారును వెతకడం, ఒప్పందం రాయించడం, నెలనెలా అద్దె వసూలు చేసి జమ చేయడం, మరమ్మతులు చేయించడం వారి పని. వసూలైన అద్దెలో 8 శాతం వారి రుసుము. ఇతర సంస్థలకన్నా తక్కువ అడిగారని సంబరపడి సంతకం చేశానే తప్ప, ఒప్పందం చివర ఉన్న అనుబంధ పత్రాన్ని శ్రద్ధగా చదవలేదు.

అద్దెదారుల ఎంపికలో వారికి వంక పెట్టలేను. మొదట వచ్చినవారికే ఇచ్చేయమని నేను తొందరపెట్టినా, ఆదాయ ఆధారాలు చూసి, పాత యజమానితో మాట్లాడిన తర్వాతే తాళాలు ఇచ్చారు. ఆ రోజే ప్రతి గదినీ ఫొటోలు తీసి, మీటరు రీడింగుతో సహా జాబితా రాసి, ఇరుపక్షాల సంతకాలు తీసుకున్నారు. ఆ అద్దెదారు ఖాళీ చేసినప్పుడు, ఎండకు వెలిసిన రంగు ఖర్చు నాదని, విరిగిన తలుపు గడియ ఖర్చు ఆయనదని వాదన లేకుండా తేలి, మిగతా డిపాజిట్ వారంలో ఆయనకు తిరిగి వెళ్లింది.

మరమ్మతుల సంగతి వేరు. స్నానాలగది గోడకు చెమ్మ వస్తే మొదట కుళాయి మార్చారు, తర్వాత టైల్స్ సందులు పూడ్చారు, మూడోసారి గాని గోడలోపలి పైపు అతుకు కారుతోందని కనిపెట్టలేదు. మూడు బిల్లులూ నాకే వచ్చాయి. ప్రతి బిల్లుపైనా 10 శాతం పర్యవేక్షణ రుసుము వేశారు. అది అనుబంధ పత్రంలో ఉన్నదే. పని ఎంత పెరిగితే వారికి అంత రాబడి అన్నమాట. నెల అద్దెలో నాలుగో వంతు దాటే ఏ పనికైనా రెండు అంచనాలు పంపి నా రాతపూర్వక అనుమతి తీసుకోవాలని ఆ తర్వాత షరతు రాయించాను.

అసలు నష్టం మాత్రం అద్దె పెంపు దగ్గర జరిగింది. వారి సలహా మీద 5 శాతం పెంచమన్నాను, అద్దెదారు వెళ్లిపోయారు, ఇల్లు ఆరు వారాలు ఖాళీగా ఉంది. కొత్తవారిని తెచ్చినందుకు సంస్థ అరనెల అద్దె తీసుకుంది. అంటే సుమారు రెండు నెలల అద్దె పోయింది. 5 శాతం పెంపు ఏడాదికి ఇచ్చేది 0.6 నెల అద్దె మాత్రమే కనుక, పోయినది పూడటానికి మూడేళ్లకు పైగా పడుతుంది. ఏడాది పొడవునా ఇల్లు నిండి ఉంటే వారికి వెళ్లే 8 శాతం కూడా ఒక నెల అద్దెకు మించదు. ఈ లెక్క కొనకముందే వేసుకోవలసింది. ఏడాది అద్దెను ఇంటి ధరతో భాగించి చూపినప్పుడు 6 శాతంగా కనిపించిన రాబడి, ఖాళీ రోజులు, పన్ను, బీమా, భవన నిర్వహణ, మరమ్మతులు తీసేశాక 4 శాతం దగ్గర ఆగింది. రుణ వాయిదాలకు అది చాలలేదు.

ఇంటికి దగ్గరలో ఉండి ప్లంబరును స్వయంగా పిలవగలిగినవారికి ఈ సేవ అక్కర్లేదు. అద్దెదారును వెతికి పెట్టడం వరకు వాడుకుంటే చాలు. దూరాన ఉన్నందున నేను కొనసాగుతున్నాను. అద్దెదారు ఏడాదిలోపు వెళ్లిపోతే కొత్తవారిని తెచ్చే అరనెల రుసుము వదులుకోవాలని ఈసారి అడిగాను; వారింకా జవాబివ్వలేదు.