జేసిన్‌తో నాలుగేళ్లు: "ఎంత పడుతుంది?" అనే ప్రశ్నకి ఆ సైటు చెప్పేది, చెప్పనిది

ఫెడరల్ డ్రగ్ కేసులో ఇరుక్కున్నవాళ్ల ఇంటి నుంచి వచ్చే మొదటి ఫోన్‌లో ఒకటే ప్రశ్న ఉంటుంది: ఎంత పడుతుంది? వాడు చేశాడా లేదా, బెయిల్ వస్తుందా రాదా, ఫీజెంత, ఇవన్నీ రెండో ఫోన్‌లో. నేను అమెరికాలో, మిడ్‌వెస్ట్‌లో, ఒక డిఫెన్స్ లాయర్ దగ్గర పారాలీగల్‌ని. లాయర్ని కాను, సలహా ఇచ్చే అధికారం నాకు లేదు. ఫైళ్లు చదవడం, కోర్టు తేదీలు చూసుకోవడం, లెక్కలు వేసి పెట్టడం నా పని. ఆ మొదటి ప్రశ్నకి లాయర్‌గారి బల్ల మీద ఒక కాగితం పెట్టేది నేనే. 2021 చివరి నుంచి ఆ కాగితం కోసం దాదాపు రోజూ తెరుస్తున్న సైటు గురించి ఇది.

పేరు జెఎస్ఐఎన్ (జ్యుడీషియరీ సెంటెన్సింగ్ ఇన్ఫర్మేషన్). మా ఆఫీసులో జేసిన్ అంటాం. ఏ నేరానికి ఎన్ని నెలలో చెప్పే గైడ్‌లైన్స్ రాసే అమెరికా సెంటెన్సింగ్ కమిషన్ 2021 సెప్టెంబర్‌లో పెట్టింది. ఉచితం, లాగిన్ అక్కర్లేదు, ఎవరైనా తెరవొచ్చు. ముందు గైడ్‌లైన్ నంబర్ ఎంచుకోవాలి, డ్రగ్ ట్రాఫికింగ్‌కి అది 2డి1.1. తర్వాత డ్రగ్ ఏదో చెప్పాలి. ఆ తర్వాత నేర తీవ్రత లెవెల్ (1 నుంచి 43 దాకా), పాత కేసుల కేటగిరీ (1 నుంచి 6 దాకా). నొక్కితే గత అయిదేళ్లలో దేశం మొత్తమ్మీద సరిగ్గా ఇదే లెవెల్, ఇదే కేటగిరీలో ఎంతమంది ఉన్నారు, జైలు పడినవాళ్ల సగటు ఎంత, మీడియన్ (వరసలో సరిగ్గా మధ్యనుండే అంకె) ఎంత, జడ్జీలు గైడ్‌లైన్ కంటే తగ్గించింది ఎంతమందికి, ఇవన్నీ అర నిమిషంలో వచ్చేస్తాయి. ఇదివరకు ఇదే సమాచారం కోసం లాయర్‌గారు పాత కేసులు గుర్తు తెచ్చుకునేవారు. గుర్తుండేవి ఎప్పుడూ బాగా పోయినవో బాగా గెలిచినవో. మామూలువి ఎవరికి గుర్తుంటాయి?

కాబట్టి మెచ్చుకోవాల్సింది మెచ్చుకుంటాను. వేగం బాగుంది, లెక్క నిజాయితీగా ఉంది, జడ్జి చూసే అంకె మనకీ కనిపిస్తుంది. చాలా చోట్ల శిక్షకి ముందు జడ్జి కోసం ప్రొబేషన్ ఆఫీసర్ రాసే ప్రీసెంటెన్స్ రిపోర్టులో కూడా ఇదే అంకె ఉంటుంది.

ఇక్కడి నుంచి తిరకాసు.

సైటుకి మీరిచ్చే లెవెలే దాని లోకం. ఆ లెవెల్ ఎలా వచ్చిందో దానికి పట్టదు. మెత్ (మెథాంఫెటమిన్) కేసు తీసుకుందాం, మా దగ్గరికి వచ్చేవి ఎక్కువ అవే. ఒకడి దగ్గర 100 గ్రాములు దొరికింది. ల్యాబ్ రిపోర్టు లేకపోతే, లేదా ప్రాసిక్యూటర్ దాన్ని మామూలు మిశ్రమంగానే చూపిస్తే, నేను వాడుతూ వచ్చిన పట్టికలో అది లెవెల్ 24. ల్యాబ్‌కి పంపి 95 శాతం శుద్ధమని తేలితే 95 గ్రాముల "అసలు" మెత్ అవుతుంది, లెవెల్ 30. నేరం ఒప్పుకుంటే మూడు తగ్గుతాయి. పాత కేసుల కేటగిరీ 1లో ఉన్నవాడికి మొదటి లెక్కలో 37 నుంచి 46 నెలలు, రెండో లెక్కలో 70 నుంచి 87. అంతటితో ఆగదు. చట్టంలో కనీస శిక్షలు విడిగా ఉన్నాయి: 50 గ్రాముల మిశ్రమానికి అయిదేళ్లు, 50 గ్రాముల శుద్ధమైనదానికి పదేళ్లు. పాత రికార్డు తక్కువగా ఉన్నవాళ్లకి చట్టం ఇచ్చే సేఫ్టీ వాల్వ్ అనే మినహాయింపు దొరికితేనో, సహకరించాడని ప్రాసిక్యూటర్ అడిగితేనో తప్ప జడ్జి జాలిపడినా దాని కిందకి దిగలేడు. ఒకే సంచి, ఒకే మనిషి. ల్యాబ్ రిపోర్టు ఉందా, అభియోగపత్రంలో ఏ మాట రాశారు అన్నదే తేడా.

మన దగ్గర ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల చట్టం) కేసులు చూసినవాళ్లకి ఇది వింతగా ఉంటుంది. అక్కడ 2020లో సుప్రీంకోర్టు హీరా సింగ్ కేసులో కల్తీతో సహా మొత్తం బరువే లెక్క అని తేల్చేసింది. ఇక్కడ రెండు తూకాలూ ఉన్నాయి, ఏది ఎక్కువ శిక్ష తెస్తే అది పనికొస్తుంది. ఇప్పుడు వీధిలో దొరికే మెత్ దాదాపు అంతా శుద్ధంగానే ఉంటోంది కాబట్టి ఈ తేడాకి అర్థం లేదని చెప్పిన జడ్జీలు ఉన్నారు. మిసిసిపీ దక్షిణ జిల్లాలో జడ్జి కార్ల్‌టన్ రీవ్స్ 2022 డిసెంబర్‌లో శుద్ధత లెక్కని పక్కనపెట్టి మిశ్రమం లెక్కే వాడతానని రాశారు. ఆయన ఆ ఏడాదే సెంటెన్సింగ్ కమిషన్‌కి ఛైర్మన్ కూడా అయ్యారు. 2005లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన బుకర్ తీర్పు తర్వాత గైడ్‌లైన్స్ సలహా మాత్రమే కాబట్టి అలా చేసే వీలుంది. పక్క కోర్టు హాల్లో జడ్జి పట్టికనే పట్టుకుని కూర్చోవచ్చు. జేసిన్‌లో ఇద్దరూ ఒకే సగటులో కలిసిపోతారు.

అందులో జిల్లా ఎంచుకునే గడి లేదు. అమెరికాలో 94 ఫెడరల్ కోర్టు జిల్లాలు ఉంటే ఆ సైటుకి అన్నీ ఒకటే ఊరు.

2022 ఎండాకాలంలో నేను చేసిన తప్పు ఇక్కడ చెప్పాలి. ఒక క్లయింటు తల్లి వచ్చి నా బల్ల ఎదురుగా కూర్చుంది. లాయర్‌గారు కోర్టులో ఉన్నారు. ఆవిడ పర్సులోంచి చిన్న క్యాలెండర్ తీసింది, బ్యాంకువాళ్లు ఉచితంగా ఇచ్చే రకం. "ఊరికే ఒక అంచనా చెప్పు నాయనా, నేను ఎవరికీ చెప్పను" అన్న తీరులో అడిగింది. నా స్క్రీన్ మీద జేసిన్ తెరిచే ఉంది, మీడియన్ ఆరేళ్ల దగ్గర చూపిస్తోంది. చెప్పకూడదని తెలుసు. చెప్పేశాను. ఆవిడ క్యాలెండర్ వెనక అట్ట మీద పెన్నుతో ఆరు అంకె వేసి చుట్టూ సున్నా చుట్టింది.

మూడు వారాల తర్వాత ప్రాసిక్యూటర్ 851 నోటీసు వేశారు. పాత తీవ్రమైన డ్రగ్ కేసు ఉన్నవాడికి కనీస శిక్ష పెంచమని కోర్టుకి ఇచ్చే రెండు పేజీల కాగితం అది. విచారణకి ముందో, నేరం ఒప్పుకోవడానికి ముందో వేయాలి. వేయాలా వద్దా అన్నది పూర్తిగా ప్రాసిక్యూటర్ ఇష్టం. మా క్లయింటుకి అయిదేళ్ల కనీసం పదేళ్లయింది. చివరికి పడింది 120 నెలలు. జేసిన్ అబద్ధం చెప్పలేదు, ఆ కాగితం సంగతి దానికి తెలీదంతే. తెలిసిన నేను చెప్పలేదు.

ఆ 851 నోటీసుల గురించి చదవాల్సింది 2013 నాటి యంగ్ కేసు తీర్పు. అయోవా ఉత్తర జిల్లా జడ్జి మార్క్ బెనెట్ కమిషన్ లెక్కలే తీసుకుని చూపించారు. ఆ పెంపుకి అర్హుడైనవాడికి అది అయోవా ఉత్తర జిల్లాలో పడే అవకాశం, పక్కనే ఉన్న నెబ్రాస్కా కంటే 2,532 శాతం ఎక్కువ. అంటే సుమారు 26 రెట్లు. ఆ రెండు జిల్లాల మధ్య ఉన్నది మిస్సోరీ నది. సూ సిటీలో కారెక్కి వంతెన దాటితే అవతల సౌత్ సూ సిటీ, నెబ్రాస్కా. నది పేరు అదే, పెట్రోల్ బంకుల బోర్డులు అవే.

నాది కొవ్వూరు. ఈ సంగతి ఫోన్‌లో మా నాన్నకి చెప్తే, "అంటే వంతెనకి ఇటు మన కొవ్వూర్లో ఒక శిక్ష, అటు రాజమండ్రిలో ఇంకో శిక్షా? దేశానికి ఒకటే చట్టం అన్నావు కదరా!" అన్నారు. చట్టం ఒకటే నాన్నా, దాన్ని ఎవరిమీద ఎంత తియ్యాలో నిర్ణయించే ప్రాసిక్యూటర్ ఆఫీసులు వేరు అన్నాను. ఆయనకి ఎక్కలేదు. నాకూ ఎక్కడానికి రెండేళ్లు పట్టింది.

పైగా ఆ ఆఫీసుల పద్ధతి కాలంతో కూడా మారుతుంది. ఫెడరల్ ప్రాసిక్యూటర్లందరికీ పైనుండే అటార్నీ జనరల్ మారితే వాళ్లకిచ్చే మెమో మారుతుంది: 2013లో హోల్డర్ చిన్నవాళ్ల మీద కనీస శిక్షల కేసులు తగ్గించమన్నారు, 2017లో సెషన్స్ నిరూపించగలిగిన అతి పెద్ద నేరమే పెట్టమన్నారు, 2022 డిసెంబర్‌లో గార్లండ్ మళ్లీ సడలించారు, 2025 ఫిబ్రవరిలో బోండీ మళ్లీ బిగించారు. జేసిన్ చూపించే అయిదేళ్లలో ఇలాంటి గాలులు ఒకటికి మించి కలిసి ఉండొచ్చు. సేఫ్టీ వాల్వ్ కూడా అంతే. 2024 మార్చి దాకా పశ్చిమ తీరంలో అప్పీల్ కోర్టు దాన్ని ఒకలా చదివింది, అయోవా, నెబ్రాస్కాల మీదున్న అప్పీల్ కోర్టు ఇంకోలా చదివింది. ఒకే రకం పాత రికార్డు ఉన్న ఇద్దరిలో శాన్‌డియాగోవాడికి దొరికింది, అయోవావాడికి దొరకలేదు. అయోవా నుంచే వెళ్లిన పల్సిఫర్ కేసులో సుప్రీంకోర్టు బిగించి చదవడమే సరైనదని 6–3తో తేల్చింది. అంతకుముందు దొరికినవాళ్ల శిక్షలు కొంతకాలం సగటులోనే ఉంటాయి.

మరో మూడు సంగతులు పేజీలోనే చిన్న అక్షరాల్లో ఉంటాయి, చాలామంది చదవరు. ప్రభుత్వానికి సహకరించి శిక్ష తగ్గించుకున్నవాళ్లని ఈ లెక్కలోంచి తీసేస్తారు. డ్రగ్ కేసుల్లో అలాంటివాళ్లు తక్కువేం కాదు. జైలు లేకుండా ప్రొబేషన్‌తో బయటపడ్డవాళ్లు సగటులోకి రారు. యావజ్జీవాన్ని 470 నెలలుగా లెక్కేస్తారు. కాబట్టి కనిపించే అంకె కొంచెం పైకే ఉంటుంది అనుకుని చూడాలి.

జిల్లా కావాలంటే కమిషన్‌దే ఇంకో సైటు ఉంది, ఇంటరాక్టివ్ డేటా ఎనలైజర్. అందులో జిల్లా, డ్రగ్, ఏడాది అన్నీ ఎంచుకోవచ్చు. కానీ అందులో జేసిన్‌లాగా లెవెల్ పెట్టి సరిగ్గా ఇలాంటివాడు అని తీయలేం. ఒకదాంట్లో మనిషి ఉన్నాడు, ఊరు లేదు. రెండోదాంట్లో ఊరుంది, మనిషి లేడు. రెండూ ఒకే సంస్థవి కావడం నాకు ఇప్పటికీ అర్థంకాని విషయం. ఇప్పుడు నేను రెండూ తెరిచి, తర్వాత ఫెడరల్ కోర్టు కాగితాలు దొరికే పేసర్ అనే సైటులోకి వెళ్లి, మా జడ్జి దగ్గర గత రెండేళ్ల మెత్ కేసుల్లో 851 నోటీసు పడినవి, పడనివి చేత్తో ఏరుకుంటాను. పేసర్‌లో పేజీకి 10 సెంట్లు, చాలావరకు ఒక్కో కాగితానికి 3 డాలర్లు దాటదు. మూడు నెలల్లో 30 డాలర్ల లోపు వాడితే బిల్లు రాదు. కుటుంబాలు సొంతంగా ఖాతా తెరుచుకుంటే ఆ 30 డాలర్లు చాలా దూరం వస్తాయి, కొడుకు కేసులో ఏ కాగితం ఎప్పుడు పడిందో వాళ్లే చూసుకోవచ్చు. శిక్ష తీర్పుకి కనీసం 35 రోజుల ముందు ప్రీసెంటెన్స్ రిపోర్టు చేతికి రావాలి, అందిన 14 రోజుల్లో అభ్యంతరాలు రాయాలి. డ్రగ్ పార్సిల్ కాలిఫోర్నియాలో పోస్టయి అయోవాలో దొరికితే రెండు చోట్లా కేసు పెట్టే వీలుంది. అందుకే మొదటి కాగితం పైన ఉండే జిల్లా పేరు ముందు చదవండి, బరువు తర్వాత.

అయిదుకి మూడు ఇస్తాను. లాయర్ పక్కనుండి చూస్తే నాలుగు. రాత్రి రెండింటికి నిద్రపట్టక ఒక్కళ్లే ఫోన్‌లో తెరిచే తల్లిదండ్రులకైతే ఒకటి కూడా ఇవ్వను.

ఆ తల్లి ఇప్పటికీ ఏడాదికోసారి ఫోన్ చేస్తుంది. మొన్న కూడా చేసింది, అదే క్యాలెండర్ అట్ట ఎదురుగా పెట్టుకుని. ఫెడరల్ శిక్షలో పెరోల్ లేదని ఆవిడకి ఇప్పుడు తెలుసు. లోపల గొడవల్లేకుండా ఉంటే ఏడాదికి 54 రోజులు తగ్గుతాయి, పదేళ్లకి 540 అని చెప్పాను. "ఇది కూడా ఊరుని బట్టి మారుతుందా?" అంది. లేదమ్మా, ఇది అన్ని చోట్లా ఒకటే అన్నాను. రాసుకుంటున్న చప్పుడు వినిపించింది.