నాలుగో గేరులో మారుతీ 800: ఇరవై ఏళ్ల వాడకం తర్వాత

మారుతీ 800 మాట వస్తే చాలు, ఊళ్లో తిరగడానికి దాన్ని మించిన బండి లేదంటారు. విశాఖలో ఉండే నా మిత్రుడూ అదే అంటాడు. వాడి దగ్గరా ఇలాంటి పాత బండే ఉంది. ఇరవై ఏళ్లుగా మా ఇద్దరికీ తెగని తగువు ఇది. సందులో తిప్పుకోవడంలో ఉన్న సుఖం వాడిది, ఊరు దాటాక దొరికే సుఖం నాది. ఈ బండిని ఊళ్లోనే ఉంచి, ఊరికోసమే మెచ్చుకునేవాళ్లు దాన్ని సగమే చూశారని నా గట్టి నమ్మకం. చూడని ఆ సగం నాలుగో గేరు.

నాది 1998 మోడల్, నాలుగు గేర్లది, కార్బ్యురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే పాతకాలపు భాగం) ఉన్న బండి, ఏపీ 35 నంబరు. 2004లో విజయనగరంలోనే సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. ఇప్పటికి రెండు లక్షల కిలోమీటర్లు దాటింది. ఇంజను ఎంత, సిలిండర్లు ఎన్ని అన్న లెక్కలు అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను.

విజయనగరంలో ఈ బండికి మూడు గేర్లే ఉన్నాయనుకోవాలి. కోట నుంచి గంటస్తంభం మీదుగా మూడు లాంతర్ల దాకా వెళితే రెండో గేరు, ఎక్కడైనా కాస్త ఖాళీ దొరికితే మూడు, వెంటనే మళ్లీ రెండు. మయూరి జంక్షన్ దగ్గర ఆటోలు అడ్డం తిరిగితే ఒకటి. కాలు క్లచ్ మీద, చెయ్యి గేరు రాడ్ మీద, కళ్లు అద్దాల మీద. పావుగంట ప్రయాణానికి గంట పనిచేసినంత అలసట. ఇక పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజుల్లో బండి బయటికి తీయడమే మానేశాను.

గజపతినగరం దారి పట్టి గొట్లాం దాటాక అసలు కథ మొదలవుతుంది. మూడో గేరులో ఇంజను కాస్త గొంతు పెంచుతుంది. స్పీడు యాభై దాటుతుండగా క్లచ్ నొక్కి, రాడ్‌ను తిన్నగా వెనక్కి లాగుతాను. ఇన్నేళ్లు అరిగిన నాబ్ మీద అంకెలు చెరిగిపోయాయి. అయినా గేరు పడిందని అరచేతికి తెలుస్తుంది, చిన్న ‘టక్’ అన్న తాకిడితో. క్లచ్ వదలగానే ఇంజను గొంతు దిగిపోతుంది. అంతసేపూ గలగలమన్న డాష్‌బోర్డు నోరు మూసుకుంటుంది. ఎడమ వైపు కిటికీ అద్దం వణుకు ఆగుతుంది. అప్పుడు టైర్ల చప్పుడు వినిపిస్తుంది, గాలి వినిపిస్తుంది, వెనక సీట్లో మా ఆవిడ మాట కూడా వినిపిస్తుంది. యాభై ఐదుకీ అరవైకీ మధ్య, ఆక్సిలరేటర్ మీద కాలు పెట్టీ పెట్టనట్టు ఉంచితే బొండపల్లి, గజపతినగరం, మానాపురం, రామభద్రపురం వరసగా వచ్చి వెళ్లిపోతాయి. వానలు వెనకబట్టాక వెళితే దారిపక్క చెరువుల్లో ఊరబెట్టిన గోగు వాసన కిటికీలోంచి కొడుతుంది. కొత్తవాళ్లు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం అది నాలుగో గేరు వాసన. ఏసీ బండిలో అద్దాలెక్కించుకుని వెళ్లేవాళ్లకు ఈ దారి తెలిసే అవకాశమే లేదు.

లీటరుకు ఊళ్లో పదమూడు ఇస్తే గొప్ప. ఈ దారిలో పద్దెనిమిదికి తగ్గలేదు, ఒకసారి ఇరవై కూడా చూశాను. బండి ఏ చోటును ఇష్టపడుతోందో అది తాగే పెట్రోలే చెబుతుందని నేను వాదిస్తాను. మిత్రుడు ఒప్పుకోడు. వాడి బండి తర్వాతి మోడల్, ఐదు గేర్లది. ‘ఐదోది ఎన్నడైనా వేశావా?’ అని అడిగితే నవ్వి మాట మారుస్తాడు.

వాడి వాదనలోనూ పస లేకపోలేదు. 1440 మిల్లీమీటర్ల వెడల్పున్న బండి. ఎంవీపీ కాలనీలో రెండు స్కూటర్ల మధ్య మిగిలిన జాగాలో పెట్టి దిగిపోతాడు. కానీ ఆ సన్నదనం విలువ నాకు తెలిసింది నగరంలో కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వెళ్లిన మర్నాడు మా ఆవిడ పుట్టింటివాళ్ల కోసం నీళ్ల డబ్బాలు, కొవ్వొత్తులు వేసుకుని టెక్కలి దాటి పలాస వైపు వెళ్లాం. లోపలి రోడ్ల మీద కొబ్బరి చెట్లు, జీడిమామిడి చెట్లు అడ్డంగా పడి ఉన్నాయి. ఊరివాళ్లు నరికి తీసిన దారి ఎడ్లబండి పట్టేంత. పెద్ద కార్లన్నీ అక్కడే ఆగిపోతే నాది రెండువైపులా కొమ్మలు రాసుకుంటూ దూరిపోయింది. కుడి తలుపు మీద ఆ గీతలు ఇప్పటికీ ఉన్నాయి, రంగు వేయించలేదు.

చరిత్ర కూడా నా వైపే ఉంది. 1983 డిసెంబరు 14న ఇందిరా గాంధీ మొదటి బండి తాళాలు ఇచ్చింది ఢిల్లీ నగరవాసికే కావచ్చు. అయితే 2010 ఏప్రిల్‌లో బండ్ల పొగకు హద్దు పెట్టే భారత్ స్టేజ్ 4 నిబంధన వచ్చినప్పుడు దీని అమ్మకం ముందుగా ఆగింది పదమూడు నగరాల్లో. మనలాంటి ఊళ్లకు ఆ తర్వాత కూడా వస్తూనే ఉంది, 2014 జనవరిలో తయారీ ఆపేసే వరకూ.

ఇప్పుడు నన్ను దారిలో నిలబెట్టిన రోజు గురించి చెప్పాలి. అంతకుముందు పన్నెండేళ్లు ‘ఈ బండి నన్ను రోడ్డు మీద వదిలిపెట్టలేదు’ అని కనిపించిన ప్రతివాడికీ చెప్పేవాణ్ని. 2016 మే నెలలో ఆ మాట ఆగిపోయింది.

ఒడిశాలోని జయపురంలో మేనకోడలి పెళ్లి. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కి, కోరాపుట్ మీదుగా వెళ్లాలి. నేను, మా ఆవిడ, అబ్బాయి, మా అత్తగారు. డిక్కీలో సూట్‌కేసులు, వెనక సీట్లో వాళ్ల కాళ్ల దగ్గర సారె బుట్టలు. సాలూరులో టీ తాగేసరికే పన్నెండు కావస్తోంది. ఘాట్ మొదలైన కాసేపటికే బరువు లారీల వరస తగిలింది. ముందు లారీ నడక వేగంతో ఎక్కుతోంది, దాటడానికి చోటు లేదు. రెండో గేరు, ఒక్కోసారి మొదటిది. నాలుగో గేరు మాట అటుంచి మూడోది కూడా పడే వీలు లేదు. కొండ దారే అయినా, ఆ అరగంట నేను నడిపింది గంటస్తంభం దగ్గర నడిపినట్టే.

మలుపులో బండి ఒకసారి తడబడింది. గుక్క తిప్పుకోలేని మనిషిలా రెండుసార్లు ఎగిరి, ఆగిపోయింది. హ్యాండ్‌బ్రేక్ లాగి అరిచాను, అబ్బాయి దిగి వెనక చక్రం కింద రాయి పెట్టాడు. సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజను అందుకోవడం లేదు. నాకు తెలిసిన విద్య అంతా ప్రయోగించాను. ప్లగ్ వైరు పీకి చూస్తే నిప్పురవ్వ బాగానే వస్తోంది. కార్బ్యురేటర్ దగ్గర పైపు ఊడదీసి అబ్బాయిని సెల్ఫ్ కొట్టమన్నాను. పెట్రోలు రావాల్సిన చోట ‘ఉస్స్’ మని గాలి వచ్చింది. ట్యాంకులో సగానికి పైగా పెట్రోలు ఉంది! మా అత్తగారు సారె బుట్టలు ఒళ్లో పెట్టుకుని దేవుణ్ని తలుచుకుంటున్నారు.

వెనక వస్తున్న లారీ పక్కకు ఆగింది. సాలూరు లారీయే. లారీల ఊరని సాలూరుకు పేరు. ఆ ఊళ్లో బాడీలు కట్టే షెడ్లు, లారీ మెకానిక్కులు వీధివీధికీ ఉంటారు. ఆ డ్రైవరుకు అరవై ఏళ్లుంటాయి. ప్లగ్ వైరు పట్టుకున్న నన్ను చూసి, “కరెంటు వెతక్కండి మాస్టారూ, మీ పెట్రోలు ఆవిరైపోతోంది” అన్నాడు. నేను మాస్టారినని ఎలా తెలిసిందో తెలియదు. ఇంజను పక్కనున్న ఫ్యూయల్ పంపు మీద వేలు ఆనించి చటుక్కున తీశాడు. నన్నూ ముట్టుకోమన్నాడు. పెనం అంత వేడిగా ఉంది.

విషయం ఆయనే చెప్పాడు. ఈ కార్బ్యురేటర్ బండ్లలో పంపు ఇంజనుకే బిగించి ఉంటుంది, వెనక ట్యాంకు నుంచి పెట్రోలును పీల్చి ముందుకు పంపుతుంది. బండి పరుగెత్తుతుంటే గాలి తగిలి పంపూ పైపూ చల్లగా ఉంటాయి. ఎండలో, ఎత్తులో, చిన్న గేరులో పాకుతుంటే ఇంజను వేడి మొత్తం అక్కడే చేరుతుంది. పైపులోనే పెట్రోలు మరిగి ఆవిరి బుడగ కడుతుంది. పంపు పెట్రోలును తోయగలదు కానీ ఆవిరిని తోయలేదు. క్లీనరు నీళ్ల డబ్బా తెచ్చాడు. నా భుజం మీది తువ్వాలు తీసుకుని తడిపి, పసిపిల్లాడికి జ్వరపు గుడ్డ వేసినట్టు పంపు చుట్టూ చుట్టాడు. గుడ్డ మీంచి ఆవిరి లేచింది. అది ఆరేలోగా మళ్లీ తడిపాడు, మళ్లీ, మళ్లీ.

అలా కూర్చుని ఉండగా ఆయన కన్ను ఇంకోచోట పడింది. “ఈ పైపు ఇటు రాకూడదే. ఎవరు మార్చారు?” అన్నాడు. మూడు నెలల క్రితం పట్నంలో ఒక షెడ్డులో పెట్రోలు పైపు మార్పించాను. ఆ కుర్రాడు పైపు కాస్త పొడుగు వదిలేసి, వంపును సైలెన్సర్ మొదలుకు ఆనుకునేలా పెట్టాడు. మూడు నెలలు దగ్గరి ప్రయాణాలే కాబట్టి బయటపడలేదు. తొందరపడి ఒక్క క్షణం కూడా వంగి చూడని ఆ పని మీద నాకు ఇప్పటికీ కోపమే. వెనక సీట్లో డెబ్బై ఏళ్ల మనిషి ఉంది, కింద లోయ ఉంది. డ్రైవరు క్లీనరుతో సైకిల్ ట్యూబు ముక్క తెప్పించి, పైపును వేడికి దూరంగా లాగి కట్టాడు. అరగంట తర్వాత సెల్ఫ్ కొడితే నాలుగో తిప్పుకు ఇంజను అందుకుంది. డబ్బు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మా అత్తగారు సారె బుట్ట విప్పి అరిసెలు పెట్టారు, అవి మాత్రం కళ్లకద్దుకుని తీసుకున్నాడు. ముహూర్తానికి చేరుకున్నాం. ఆ సైకిల్ ట్యూబు కట్టు రెండేళ్లు అలాగే ఉంది, కొత్త క్లిప్పు కొన్నా విప్పబుద్ధి కాలేదు.

అందుకే ఇప్పుడు పాత మాటను సవరించుకుంటున్నాను. బండి రోడ్డు మీద వదిలిపెట్టదు, పరుగెత్తనిస్తే. పాకిస్తే వదిలిపెడుతుంది. నగరంలో దీనికి రోజూ జరిగేది ఈ పాకుడే. మిత్రుడికి ఈ సంగతి చెబితే, విశాఖలో సముద్రపు గాలి ఉందిలే అన్నాడు.

నాలుగో గేరు మీద నా మెప్పునూ కాస్త తగ్గించి చెప్పాలి. అది రెండు వరసల రోడ్డు కోసం, అరవై లోపు స్పీడు కోసం పుట్టిన గేరు. శ్రీకాకుళం వెళ్లడానికి రణస్థలం, ఎచ్చెర్ల మీదుగా ఆరు వరసల పదహారో నంబరు హైవే ఎక్కితే కథ వేరు. అక్కడ అరవైలో వెళితే వెనకనుంచి హారన్లు. ఎనభైకి పెంచితే ఇంజను అరుస్తుంది. పక్కనుంచి బస్సు దూసుకుపోతే దాని గాలికి బండి ఒక అడుగు పక్కకు జరిగినట్టవుతుంది, స్టీరింగ్ రెండు చేతులా గట్టిగా పట్టుకోవాలి. అలాంటప్పుడు మిత్రుడి ఐదో గేరు నాకుంటే బాగుండునని అనిపించిన మాట నిజం. వాడితో మాత్రం అనలేదు. ఎయిర్‌బ్యాగులు లేవు, రేకు పల్చన. చిన్నపిల్లలను ఎక్కించుకుని ఆ హైవే మీద ఈ బండిలో వెళ్లమని నేను ఎవరికీ చెప్పను. మా అబ్బాయి కూడా మనవణ్ని ఊరి వరకే దీంట్లో పంపుతాడు, నేను అభ్యంతరం చెప్పలేదు.

ఖర్చుల విషయానికొస్తే, రిజిస్ట్రేషన్ ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. నాది 2028 దాకా ఉంది. పెట్రోలులో ఇథనాల్ ఇరవై శాతానికి చేరాక రబ్బరు పైపులన్నీ దానికి ఓర్చుకునే రకానికి మార్పించాను, ఈసారి దగ్గర నిలబడి. స్పేర్లు విజయనగరంలో ఇంకా దొరుకుతున్నాయి.

నేను రిటైరై ఎక్కడికీ తొందర లేనివాణ్ని. నెలకు రెండుసార్లు రామభద్రపురం సంతకు వెళ్లి కూరగాయలు తెచ్చుకునేంత తీరిక ఉంది. ఇంటి ముందు నీడ ఉంది, సాలూరులో తెలిసిన మెకానిక్కు ఉన్నాడు. ఇవన్నీ ఉన్నాయి కాబట్టే ఈ బండి నాకు సరిపోయింది. రోజూ ఆఫీసుకు నగరంలో వెళ్లిరావాల్సినవాళ్లకు సరిపోతుందని చెప్పలేను.

పాతది కొనాలనుకుంటే, అమ్మేవాళ్లు ఇంటి చుట్టూ ఒక రౌండు తిప్పి చూపిస్తారు, దానితో సరిపెట్టుకోకండి. గజపతినగరం దాకా తీసుకెళ్లి నాలుగో గేరులో పది కిలోమీటర్లు నడపండి. తిరిగొచ్చాక బానెట్ ఎత్తి, పెట్రోలు పైపు ఎటునుంచి ఎటు పోతోందో వంగి చూడండి. డిక్కీలో ఒక నీళ్ల డబ్బా, పాత తువ్వాలు ఉంచుకోండి. నా బండిలో ఆ పెళ్లినాటి తువ్వాలే ఉంది.