జర్మనీకి ఒకరు ముందు వెళ్ళడమా, అందరూ కలిసి వెళ్ళడమా: ఏది మేలు?

జర్మనీ కంపెనీ నుంచి ఆఫర్ లెటర్ వచ్చిన ఇంట్లో జీతం లెక్కలు అయిపోగానే ఈ చర్చ మొదలవుతుంది. "నువ్వు ముందెళ్ళి సెటిల్ అవ్వు, మేం తర్వాత వస్తాం" అని ఒకరంటారు. "వెళ్తే అందరం కలిసే" అని ఇంకొకరు. అమెరికా చూసొచ్చిన బంధువుల సలహా ఇక్కడ సరిగ్గా అతకదు. అక్కడ హెచ్4 అనే డిపెండెంట్ వీసా మీద వెళ్ళిన భార్యలు ఏళ్ళ తరబడి ఉద్యోగం చేయలేక ఇంట్లో కూర్చున్నారు. జర్మనీ బ్లూ కార్డ్ (నిపుణులైన ఉద్యోగులకిచ్చే అనుమతి) మీద వెళ్ళేవాళ్ళ భార్యకైనా భర్తకైనా మొదటి నుంచే ఉద్యోగం చేసుకునే హక్కు ఉంది. వీసాకి ముందు జర్మన్ పరీక్ష పాసవ్వాలన్న షరతు కూడా లేదు. కాబట్టి చట్టం రెండు దారులకీ ఒప్పుకుంటుంది. తేడా వచ్చేది ఇల్లు, డబ్బు, బడి, ఇంట్లోవాళ్ళ ఓపిక దగ్గర.

ముందు ఇంటి సంగతి, సగం నిర్ణయం దీనిదే. మ్యూనిక్, ఫ్రాంక్‌ఫర్ట్, బెర్లిన్ లాంటి చోట్ల అద్దె ఇల్లు దొరకడం మహా కష్టం. ఓనరు మూడు నెలల పే స్లిప్పులు అడుగుతాడు, షూఫా అనే క్రెడిట్ రిపోర్టు అడుగుతాడు. నిన్ననే దిగినవాడి దగ్గర రెండూ ఉండవు. అడ్వాన్సు మూడు నెలల అద్దె దాకా తీసుకోవచ్చు. చాలా ఇళ్ళలో వంటగది అంటే నాలుగు గోడలూ ఒక నీళ్ళ పైపూ, అంతే. సింకు, స్టవ్, అరలు మనమే కొనుక్కోవాలి, లేదా ఖాళీ చేసి పోతున్నవాళ్ళ సామానుకి బేరమాడుకోవాలి. అందుకే కొత్తగా వెళ్ళినవాళ్ళు కొన్నాళ్ళు ఫర్నిష్డ్ ఫ్లాట్‌లో తలదాచుకుంటారు. ఒక్కడే అయితే షేరింగ్‌లో ఒక గది చాలు. నలుగురూ దిగితే అలాంటి తాత్కాలిక ఇంటికే జీతంలో పెద్ద వాటా పోతుంది. 2024 మార్చి తర్వాత వచ్చిన నిబంధనల ప్రకారం బ్లూ కార్డ్ వాళ్ళు భార్యాపిల్లల వీసాకి సరిపడా ఇల్లుందని చూపించక్కర్లేదు. సర్కారు అడగడం మానేసింది గానీ, ఒక గది ఇంట్లో నలుగురు ఉంటామంటే ఓనరు ఒప్పుకోడు.

దాని వెనకే అడ్రస్ రిజిస్ట్రేషన్ ఉంది, అక్కడి మాటలో అన్‌మెల్డుంగ్. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు చేయించాలి, దానికి ఓనరు సంతకం పెట్టిన కాగితం కావాలి. టాక్స్ నంబరు, పిల్లల బడి, కీటా (బడికి ముందు పిల్లల్ని చూసుకునే చోటు) సీటు అన్నీ ఈ అడ్రసు పట్టుకునే కదులుతాయి. తాత్కాలిక ఇళ్ళ ఓనర్లు కొందరు ఆ సంతకం పెట్టరు. ఒంటరిగా ఉన్నవాడికి ఇది చిరాకు. ఇద్దరు పిల్లల్ని వెంటేసుకుని దిగినవాడికి రాత్రి నిద్రపట్టని టెన్షన్. ఈ విషయంలో ఒకరు ముందు వెళ్ళడమే మేలు, సందేహం లేదు.

డబ్బు మాత్రం అందరూ కలిసి రమ్మంటుంది. భార్యాపిల్లలు ఇండియాలో ఉన్నంతకాలం జర్మనీ టాక్స్ ఆఫీసు దృష్టిలో పెళ్ళైనవాడు కూడా బ్రహ్మచారే, టాక్స్ క్లాస్ 1. ఆమె వచ్చి అడ్రస్ నమోదు చేయించుకుని, ఒక్కరి జీతమే ఉంటే క్లాస్ 3 పెట్టుకోవచ్చు. నెలనెలా చేతికొచ్చేది బాగానే పెరుగుతుంది. ఏడాది మధ్యలో వచ్చినా ఇద్దరి రిటర్నూ కలిపి వేయొచ్చు. అందుకని జనవరి మొదటి వారానికి టికెట్ తీసే బదులు డిసెంబర్‌లో దిగడం టాక్స్ వరకైతే తెలివైన పని. (ఆ ఏడాది ఆమెకి ఇండియాలో వచ్చిన జీతాన్ని కూడా టాక్స్ రేటు తేల్చేటప్పుడు చూస్తారని మరిచిపోవద్దు.) కిండర్‌గెల్డ్, అంటే పిల్లల కోసం ప్రభుత్వమిచ్చే డబ్బు, 2026లో ఒక్కో పిల్లకి నెలకి 259 యూరోలు, హైదరాబాద్‌లో అమ్మమ్మ దగ్గరున్న పిల్లలకి అది రాదు. ప్రభుత్వ ఆరోగ్య బీమాలో ఉంటే సంపాదన లేని భార్య, పిల్లలు అదే చందాలో వచ్చేస్తారు. పైగా ఇక్కడో కాపురం, అక్కడో కాపురం అంటే రెండు అద్దెలు, రెండు సరుకుల బిల్లులు.

బడి దగ్గరికి వస్తే పిల్లల వయసుని బట్టి సమాధానం మారిపోతుంది. జర్మనీలో 16 రాష్ట్రాలు, ఎవరి బడి పద్ధతి వాళ్ళదే. మామూలుగా ప్రాథమిక బడి నాలుగేళ్ళు, బెర్లిన్‌లోనూ బ్రాండెన్‌బర్గ్‌లోనూ ఆరేళ్ళు. ఆ తర్వాత పిల్లల్ని రకరకాల బడులకి విడదీస్తారు. యూనివర్సిటీకి నేరుగా తీసుకెళ్ళేది గిమ్నాసియం. మ్యూనిక్ ఉన్న బవేరియాలో నాలుగో తరగతిలో జర్మన్, లెక్కలు, పరిసరాల పాఠం, ఈ మూడింటి సగటు 2.33 గానీ అంతకన్నా మెరుగ్గా గానీ రావాలి. అక్కడ 1 అంటే అందరికన్నా మంచి మార్కు. ఇప్పుడు ఆలోచించండి. మూడో తరగతి పిల్లని "నాన్న సెటిల్ అయ్యాక" అని ఒక ఏడాది ఆపితే, ఆ పిల్ల వెళ్ళి భాష నేర్చుకోకముందే ఈ జల్లెడలో పడుతుంది. తర్వాత బడి మారే దారులు ఉన్నాయి గానీ, అవి పొడుగు దారులు. అదే ఐదేళ్ళ పిల్లాడైతే ఆర్నెల్లు అటూ ఇటూ అయినా కొంప మునగదు. వాడు ఆటల్లోనే జర్మన్ పట్టేస్తాడు, తర్వాత మన ఉచ్చారణని సరిదిద్దుతాడు కూడా.

ఏడాది నిండిన పిల్లలకి కీటాలో సీటు 2013 నుంచి చట్టబద్ధమైన హక్కే, కానీ పెద్ద ఊళ్ళలో హక్కు ఒకటి, ఖాళీ ఒకటి. ముందు వెళ్ళినవాడు అడ్రసు నమోదు కాగానే చేయాల్సిన పని ఏమిటంటే, చుట్టుపక్కల కీటాలన్నిటికీ అప్లికేషన్లు పంపడం. టీవీ ఎంపిక తర్వాత చూసుకోవచ్చు.

ఇక విడిగా ఉండటానికయ్యే ఖర్చు, ఏ లెక్కలోనూ రాయనిది. చలికాలంలో జర్మనీకీ మనకీ నాలుగున్నర గంటల తేడా. ఇక్కడ రాత్రి తొమ్మిదికి పిల్లలు పడుకునే వేళ అక్కడ సాయంత్రం నాలుగున్నర, ఆయన ఇంకా మీటింగులో ఉంటాడు. ఆయన గదికి చేరి ఫోన్ చేసేసరికి పిల్లలు నిద్రలో ఉంటారు. వారం రోజులు స్క్రీన్ మీద కనిపించేది నిద్రపోతున్న పిల్లలూ, అలిసిపోయిన భార్యా. ఈ లోపు ఇక్కడ ఇల్లు ఖాళీ చేయడం, కారు అమ్మడం, గ్యాస్ కనెక్షన్ అప్పజెప్పడం, బడిలో టీసీ తీసుకోవడం అన్నీ ఆమె నెత్తిన పడతాయి. ఆమెకీ ఉద్యోగం ఉంటే రెండు మూడు నెలల నోటీసు. "సెటిల్ అయ్యాక" అన్న మాటకి తేదీ ఉండదు కాబట్టి అది సాగుతూనే ఉంటుంది: ప్రొబేషన్ అయ్యాక, మంచి ఇల్లు దొరికాక, చలి తగ్గాక. మూడు నెలలనుకున్నది ఏడాదిన్నర అయిన కాపురాలు తెలుగువాళ్ళలో తక్కువేమీ లేవు.

నా మాట ఇది: వీసాలు అందరికీ ఒకేసారి, టికెట్లు విడివిడిగా. కుటుంబ అప్లికేషన్లు ఉద్యోగ వీసాతో పాటే పెట్టేయండి. ఒకరు ముందు వెళ్ళి, మిగిలినవాళ్ళ వీసా మీదున్న గడువు లోపే, గట్టిగా మూడు నెలల్లో, మిగతావాళ్ళని పిలిపించుకోవాలి. ఆ మూడు నెలల పని ఇల్లు వెతకడం ఒక్కటే. మూడో పే స్లిప్పు చేతికొచ్చేది కూడా అప్పుడే. దొరికిన ఇల్లు ఊరి చివరైనా, ట్రైన్ ఉంటే చాలు. ఏప్రిల్లో ఒకరు, జులైలో మిగతావాళ్ళు వెళ్తే బాగా కుదురుతుంది. మన దగ్గర పరీక్షలు అయిపోతాయి, జూన్‌లో కొత్త ఏడాది ఫీజు కట్టే పని తప్పుతుంది, అక్కడ బడులు రాష్ట్రాన్ని బట్టి ఆగస్టు, సెప్టెంబర్లలో తెరుస్తారు. నవంబర్‌లో మాత్రం పిల్లలతో దిగొద్దు. నాలుగున్నరకే చీకటి పడుతుంది, ఆదివారం షాపులు మూసి ఉంటాయి, తెలిసినవాళ్ళు ఒక్కరూ ఉండరు.

ముందు వెళ్ళేవాడు విమానం ఎక్కకముందు ఒక పని తప్పక చూసుకోవాలి. పెళ్ళి గుళ్ళో జరిగి రసీదు మాత్రమే ఉంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించుకోవాలి. దానికి ఇద్దరూ ఉండాలి, సాక్షులూ ఉండాలి. ఆయన వెళ్ళిపోయాక ఈ సంగతి గుర్తొస్తే మళ్ళీ రానూ పోనూ టికెట్ పెట్టుకోవాల్సిందే. పిల్లల పాస్‌పోర్టులు కూడా ఇద్దరూ ఊళ్ళో ఉండగానే తీసుకుంటే సంతకాల గొడవ ఉండదు.

కంపెనీ మొదటి మూడు నెలలకి ఫ్యామిలీ ఫ్లాట్ ఇచ్చి, అడ్రస్ నమోదుకి ఒప్పుకుంటే ఈ లెక్కంతా పక్కన పెట్టి అందరూ కలిసే వెళ్ళండి. ఆఫర్ మీద సంతకం చేసేముందు జీతం ఇంకాస్త పెంచమని అడిగే బదులు ఈ ఇల్లు అడగడం లాభం. నాలుగో తరగతికి దగ్గరపడ్డ పిల్లలుంటే కూడా ఎడం పెట్టకపోవడమే మంచిది, ఇల్లు ఇరుకైనా సరే.

భార్య నర్సుగా వెళ్తున్న ఇళ్ళలో పరిస్థితి వేరు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా నర్సులకి జర్మన్ నేర్పించి అక్కడికి పంపుతోంది. ఆమె డిగ్రీకి అక్కడ పూర్తి గుర్తింపు వచ్చేదాకా జీతం తక్కువ, పైన షిఫ్టులు, పరీక్షలు. ఆ దశలో కుటుంబాన్ని పోషించే ఆదాయం చూపించడం కష్టం కాబట్టి మూడు నెలల గడువు చెల్లదు. ఆమె గుర్తింపు పత్రం చేతికొచ్చే నెలని బట్టే భర్త తన ఆఫీసులో నోటీసు ఇవ్వాలి.