ప్లాస్టిక్ స్కేలా, స్టీలు స్కేలా, టేపా: కొలతకు ఏది మేలు?

ఇంట్లో ఒక్కటే ఉంచుకోవాలంటే నా ఓటు 30 సెంటీమీటర్ల స్టీలు స్కేలుకే. ఎక్కువ కాలం మన్నుతుందన్నది తర్వాత మాట, అసలు కారణం దాని సున్నా.

పిల్లల జామెట్రీ బాక్సులో ఉండే ప్లాస్టిక్ స్కేలును ఒకసారి జాగ్రత్తగా చూడండి. సున్నా గీత అంచులో ఉండదు, కొన్ని మిల్లీమీటర్లు లోపలికి ఉంటుంది. అంచు విరిగినా, అరిగినా గీతలు చెడిపోకూడదనే ఆ ఖాళీ వదులుతారు. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. వస్తువు చివరకు సున్నాను కాకుండా స్కేలు అంచును ఆనిస్తారు. స్టీలు స్కేలుకు ఈ గొడవ లేదు, సాధారణంగా అంచే సున్నా.

ఈ తేడా ఎక్కడ తెలుస్తుందంటే, ఫోటో ఫ్రేముకు అద్దం కోయించేటప్పుడు. ఫ్రేము వెనక అద్దం కూర్చునే గాడి లోపలి కొలత కావాలి. స్టీలు స్కేలు చివరను ఒక గోడకు నెట్టి, అవతలి గోడ దగ్గర అంకె చదివేస్తే పని అయిపోతుంది. ప్లాస్టిక్ స్కేలైతే ఆ ఖాళీ ముక్క అడ్డొస్తుంది. అదెంతో కొలిచి కలపాలి, కలిపేవాళ్లు తక్కువ. అద్దం నాలుగు మిల్లీమీటర్లు చిన్నదై వస్తే ఫ్రేములో లొడలొడలాడుతుంది. ఒక్క మిల్లీమీటరు పెద్దదైనా అసలు దిగదు.

అలాగని స్టీలు స్కేలును గుడ్డిగా నమ్మకూడదు. నాలుగుసార్లు కింద పడితే మూల నలిగి సున్నాయే తగ్గిపోతుంది. పరీక్ష తేలిక: ఒకే గీతను ముందు సున్నా నుంచి, తర్వాత 10 దగ్గర నుంచి కొలవండి. రెండూ కలవకపోతే మూల అరిగిందన్నమాట. అప్పటినుంచి 10 దగ్గరే మొదలుపెట్టి, వచ్చినదాంట్లోంచి 10 తీసేయడం మేలు. 1 దగ్గర మొదలుపెట్టమని చెప్పేవాళ్లూ ఉన్నారు, నేను ఒప్పుకోను. ఒకటి తీసేయడం మరిచిపోతే తప్పు కంటికి ఆనదు. పది సెంటీమీటర్ల తప్పయితే అక్కడికక్కడే దొరికిపోతుంది.

కాగితం మీద మాత్రం గెలుపు పారదర్శకమైన ప్లాస్టిక్ స్కేలుదే. గీతలు అడుగు వైపున అచ్చయి ఉంటే అవి కాగితానికి ఆనుకునే ఉంటాయి కాబట్టి కాస్త పక్కనుంచి చూసినా చిక్కులేదు. మందపాటి చెక్క స్కేలును పడుకోబెట్టి చదివినప్పుడు చూడండి తమాషా. 2 మిల్లీమీటర్ల మందం మీద 30 డిగ్రీలు ఏటవాలుగా చూస్తే అంకె 1 మిల్లీమీటరు పైనే జరిగిపోతుంది. దీన్నే పారలాక్స్ అంటారు. స్కేలును అంచు మీద నిలబెట్టి గీతలు వస్తువుకు తగిలేలా చేసి, కన్ను సరిగ్గా పైన ఉంచితే చాలావరకు పోతుంది. సన్నటి స్టీలు స్కేలుకు ఈ బాధ తక్కువే కానీ, ట్యూబ్‌లైటు కింద దాని మెరుపుకు గీతలే కనబడవు.

కట్టర్‌తో అట్ట కోసే పని ఉంటే ప్లాస్టిక్ స్కేలు జోలికి పోకండి. బ్లేడు అంచును చెక్కేస్తుంది, ఆ తర్వాత దాంతో గీసిన గీతలన్నీ వంకరే. ఎండకు సాగే గుణం కూడా ప్లాస్టిక్‌కే ఎక్కువ. వేడి 10 డిగ్రీలు పెరిగితే 30 సెంటీమీటర్ల యాక్రిలిక్ స్కేలు దాదాపు 0.2 మిల్లీమీటర్లు పెరుగుతుంది, స్టీలైతే అందులో మూడో వంతు కూడా పెరగదు. నిజానికి ఇంటి పనికి ఈ లెక్క అక్కర్లేదు. మిల్లీమీటరు గీతలున్న స్కేలుతో అర మిల్లీమీటరు వరకు అంచనా కట్టగలిగితే అదే గొప్ప. అంతకన్నా సూక్ష్మంగా కావాలంటే, పైపు మందమో బోల్టు వ్యాసమో అయితే, వెర్నియర్ కాలిపర్స్ తెచ్చుకోవాల్సిందే.

30 సెంటీమీటర్లు దాటితే ఏ స్కేలూ వద్దు, టేపు తీయండి. స్కేలును ఎత్తి మళ్లీ పెట్టిన ప్రతిసారీ కొంత తప్పు కలుస్తుంది. టేపు చివరి కొక్కెం వదులుగా ఊగుతోందని కొందరు సుత్తితో కొట్టి బిగిస్తారు, అసలుకే మోసం! అది కావాలనే అలా పెట్టింది. కొక్కెం తన మందమంతే ముందుకూ వెనక్కూ జరుగుతుంది కాబట్టి బయట తగిలించి లాగినా, లోపల గోడకు నొక్కినా కొలత సరిగ్గా వస్తుంది. కిటికీ లోపలి వెడల్పు తీసేటప్పుడు మూల దగ్గర టేపును వంచి చదవకండి. చాలా టేపులకు డబ్బా మీదే దాని వెడల్పు అచ్చేసి ఉంటుంది. డబ్బా వీపును గోడకు ఆనించి, డబ్బా నోటి దగ్గర కనిపించే అంకెకు ఆ వెడల్పు కలుపుకోండి.