ఇంటి దగ్గరే కారు ఇంజిన్ ఆయిల్ మార్చుకోవటం – కొన్నేళ్ళుగా చేస్తున్నా, నా అభిప్రాయం ఇదీ

ఆయిల్ మనమే మార్చుకుంటే బోలెడు డబ్బులు మిగుల్తాయని దిగేవాళ్ళు ముందు ఒక మాట వినండి, మిగుల్తాయి కానీ అంత గొప్పగా ఏం కాదు, మొదటి ఏడాది సామాన్లు కొనటానికే సరిపోద్ది. నేను ఇన్నేళ్ళు దీన్ని వదలకుండా చేస్తుండేది డబ్బుల కోసం కాదు. నా బండిలో ఏ ఆయిల్ పోశారు, ఎంత పోశారు, కింద బోల్ట్ ఎంత బిగించారు అనేది ఎవర్నీ అడగాల్సిన పని లేకుండా నాకే తెలుసు, ఆ ధైర్యం కోసం చేస్తున్నా.

నాది పెట్రోల్ స్విఫ్ట్. ఉండేది ఒంగోల్లో, పని చీమకుర్తిలో. ఆ కర్నూల్ రోడ్డు మీద రోజూ తిరిగేవాళ్ళకి చెప్పక్కర్లేదు, ముందు గ్రానైట్ బండల లారీ, వెనకాల టిప్పర్, మధ్యలో మనం, సాయంత్రానికి అద్దం మీద వేలితో పేరు రాసుకోవచ్చు. దూరం చూస్తే ఇరవై కిలోమీటర్లే, ఇంజిన్ మాత్రం ఆ దుమ్మునే పీల్చుకోవాలి. ఇది ఎందుకు చెప్తున్నానో తర్వాత చెప్తా.

మొదలుపెట్టింది ఎట్లా అంటే, ఒక సర్వీస్ సెంటర్లో సర్వీస్ చేయించుకుని తెచ్చిన మర్నాడు పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు గేజ్ (ఇంజిన్లో ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల) తీసి చూస్తే ఆయిల్ పై గీత దాటి బాగా పైకి ఉంది. ఎక్కువుంటే మంచిదేగా అని చాలామంది అనుకుంటారు, కాదు. లెవెల్ మరీ ఎక్కువైతే కింద తిరిగే క్రాంక్ షాఫ్ట్ ఆయిల్‌ని కొట్టుకుంటా తిరుగుద్ది, నురుగు వస్తది, నురుగులో గాలే ఎక్కువ కాబట్టి పంపు సరైన ప్రెషర్‌తో ఆయిల్ పంపలేదు. వెనక్కి తీసుకెళ్ళి అడిగితే తీసేశారు గానీ, నాకు మాత్రం ఈ పని నేనే నేర్చుకోవాలని గట్టిగా అనిపించింది.

వారంటీలో ఉన్న బండైతే మాత్రం ఆగండి. మారుతి వాళ్ళు 2024 జులైలో స్టాండర్డ్ వారంటీని రెండేళ్ళు 40,000 కిలోమీటర్ల నుంచి మూడేళ్ళు లక్ష కిలోమీటర్లకి పెంచారు. కొత్త బండి తీసుకున్నవాళ్ళకి అది పెద్ద భరోసా, దాన్ని ఒక ఆయిల్ డబ్బా కోసం చిక్కుల్లో పడేసుకోవద్దు. అది అయిపోయేదాకా కంపెనీ సర్వీసే చేయించుకోండి, కావాలంటే ఇంటికొచ్చాక గేజ్ చూసుకోవటం ఒక్కటి అలవాటు చేసుకోండి, సగం లాభం అక్కడే ఉంది.

ఇంక పని సంగతి. అసలు కష్టం ఆయిల్‌తో కాదు, బండి కిందకి దూరటంతో. బండితో వచ్చిన జాకీ స్టెప్నీ మార్చటానికి ఇచ్చింది, దాని మీద బండి నిలబెట్టి కింద దూరితే ప్రాణంతో ఆటే, ఒక్క క్షణం కూడా తల పెట్టొద్దు. మా వైపు ఇంకో అలవాటుంది, గ్రానైట్ ముక్కలకి కొదవ లేదు కదా అని నాలుగు పలకలు పేర్చి దానిమీదకి చక్రం ఎక్కిస్తారు. రాయి మీద ఎంత బరువైనా పెట్టొచ్చు అనుకుంటాం, కానీ పలక కింద ఒక మూల ఖాళీ ఉండి దానిమీద టైర్ బరువు పడిందంటే పగిలిపోద్ది, ఇనుమైతే వంగి ముందే తెలుస్తది, రాయి చెప్పి పగలదు. నేను ఇనప ర్యాంపుల జత కొనుక్కున్నా, మొత్తం సామాన్లలో ఎక్కువ డబ్బు పెట్టింది దాని మీదే, అన్నిటికంటే బాగా పనికొచ్చిందీ అదే. ఒకటే ఇబ్బంది, మా పోర్టికోలో పాలిష్ గ్రానైట్ వేశాం, టైర్ ఎక్కబోతే ర్యాంపు ముందుకి జారిపోతా ఉండేది, కింద రబ్బరు మ్యాట్ వేశాక ఆగింది. ముందు చక్రాలు ఎక్కించి, ఫస్ట్ గేర్లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి, వెనక చక్రాలకి అటూ ఇటూ రాళ్ళు అడ్డం పెడతా. ఆ గ్రానైట్ ముక్కలు ఇక్కడ మాత్రం బ్రహ్మాండంగా పనికొస్తాయి.

ఇంజిన్ ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపితే చాలు, ఆయిల్ గోరువెచ్చగా అయ్యి పల్చగా దిగుద్ది. నెల్లూరు నుంచి వచ్చీ రాగానే మొదలుపెట్టొద్దు, నూట ఇరవై కిలోమీటర్లు హైవే మీద వచ్చిన ఇంజిన్లో ఆయిల్ చెయ్యి కాలేంత వేడి ఉంటది. మే నెల్లో, రోహిణి కార్తెలో అయితే పొద్దున ఆరింటికే మొదలుపెట్టండి, తొమ్మిదయిందంటే బండి కింద పడుకోవటం మన వల్ల కాదు. నేనైతే కుదిరినంత వరకు కార్తీకం, మార్గశిరం రోజుల్లో పెట్టుకుంటా.

పాత ఆయిల్ కిందకి దించే డ్రెయిన్ బోల్ట్ దగ్గర నేను చెప్పేది జాగ్రత్తగా వినండి, ఎందుకంటే ఇంటి దగ్గర చేసేవాళ్ళు పాడు చేసేది ఎక్కువగా ఇక్కడే. రింగ్ స్పానరే వాడండి, అడ్జస్ట్ చేసే పానా వద్దు, బోల్ట్ మూలలు అరిగిపోతాయి. పైన ఆయిల్ పోసే మూత ముందే తీసి పెట్టుకుంటే గాలి ఆడి ఆయిల్ త్వరగా దిగుద్ది. చివరి చుట్లు వేళ్ళతో తిప్పుతా బోల్ట్‌ని లోపలికే నొక్కి పట్టుకుని ఒక్కసారి పక్కకి లాగేస్తే చేతి మీద పడదు. ఆయిల్ మొదట ధార కొంచెం దూరంగా పడుద్ది, తగ్గేకొద్దీ దగ్గరికి వస్తది, బేసిన్ దాన్నిబట్టి జరుపుకోవాలి. ఇంక ఆ బోల్ట్‌కి ఉండే చిన్న వాషర్, చూడటానికి ఏమీ ఉండదు, ఇరవై ముప్పై రూపాయలు. పాతదాన్ని వెలుతురులో పెట్టి చూడండి, ఒకవైపు బోల్ట్ నొక్కిన చోట గుండ్రంగా గాడి పడి, అంచు చదునుగా నలిగిపోయి ఉంటది. అట్లా నలిగితేనే లీక్ కాకుండా పట్టుకుంటది, ఒకసారి నలిగింది రెండోసారి అంత బాగా పట్టదు. అందుకే ప్రతిసారీ కొత్తది. బిగించేటప్పుడు మా బండికి బిగింపు బలం 35 న్యూటన్ మీటర్లు, మీ బండికి ఎంతో మీ మాన్యువల్ చూసుకోండి. ఆ బిగింపు కొలిచే టార్క్ రెంచ్ లేనివాళ్ళు పొట్టి స్పానర్‌తో ఒంటి చేత్తో బిగించి ఆగాలి, పైపు తగిలించి ఊగితే ఛాంబర్ (ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి) మర పోద్ది, అప్పుడు ఛాంబరే దింపాలి.

ఫిల్టర్ తేలికే. విప్పగానే అందులో ఉన్న ఆయిల్ కారుద్ది కాబట్టి బేసిన్ కిందే ఉంచండి. పాత ఫిల్టర్ రబ్బరు రింగు దాంతోపాటే వచ్చిందా, ఇంజిన్‌కే అంటుకుని ఉండిపోయిందా అనేది వేలితో తడిమి మరీ చూడండి. అది అక్కడే ఉండగా కొత్తది బిగిస్తే రెండు రింగులు ఒకదాని మీద ఒకటి కూర్చుని, స్టార్ట్ చేయంగానే ప్రెషర్‌కి ఆయిల్ మొత్తం బయటికి చిమ్ముద్ది. కొత్త ఫిల్టర్ రింగుకి కొత్త ఆయిలే కొంచెం రాసి, చేత్తో తిప్పి, రబ్బరు తగిలిన దగ్గర్నించి ముప్పావు చుట్టు, అంతే. ఫిల్టర్ రెంచ్ విప్పటానికే, బిగించటానికి కాదు.

పోసేటప్పుడు డబ్బా మొత్తం ఒంపేయకుండా మూడు లీటర్ల దగ్గర ఆపి, స్టార్ట్ చేసి ఒక నిమిషం ఉంచుతా. ఫిల్టర్ నిండేదాకా ఆయిల్ లైటు ఒకటి రెండు సెకన్లు వెలిగి ఆరిపోద్ది, ఆరకపోతే వెంటనే ఆపేయాలి. కింద చుక్క పడట్లేదని టార్చ్ వేసి చూసుకుని, బండి చదునైన చోటికి దించి, ఐదు నిమిషాలు ఆగి గేజ్ చూసి, రెండు గీతల మధ్య పైవైపుకి వచ్చేదాకా కొంచెం కొంచెం పోస్తా. ర్యాంపు మీద ఉండగా చూసే లెవెల్ లెక్కలోకి రాదు.

ఏ ఆయిల్ అనే దగ్గర మా ఇంట్లో పెద్ద పంచాయితీనే జరిగింది. మా మామయ్యకి ట్రాక్టర్ ఉంది, ఆయన ఇంట్లో ఎప్పుడూ 15డబ్ల్యూ-40 అనే చిక్కటి గ్రేడు ఆయిల్ డబ్బా ఉంటది. "మన ఎండలకి ఈ నీళ్ళలాంటి ఆయిల్ ఆగుద్దా అబ్బయ్యా, చిక్కటిది పొయ్యి, ఇంజిన్ పదికాలాలు ఉంటది" అని ఆయన పట్టు. ఆయన ట్రాక్టర్‌కి అదే కరెక్ట్, దాని ఇంజిన్‌కి అదే రాసుంది. కానీ కారు సంగతి వేరు మామయ్యా అని చెప్పా. బయట ముప్పై డిగ్రీలున్నా నలభై నాలుగున్నా నడిచే ఇంజిన్లో దాన్ని చల్లబరిచే కూలెంట్ వేడి తొంభై డిగ్రీల చుట్టుపక్కలే ఉండేటట్టు థర్మోస్టాట్, రేడియేటర్ ఫ్యాను చూసుకుంటాయి, మన ఒంగోలు ఎండ ఇంజిన్ లోపల అనుకున్నంత తేడా తీసుకురాదు. ఇంకోటి, ఇంజిన్ అరుగుదల ఎక్కువుండేది పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు, ఆయిల్ ఇంకా పైకి ఎక్కకముందు. పల్చటి ఆయిల్ త్వరగా ఎక్కుద్ది. ఈ కొత్త ఇంజిన్లలో ఆయిల్ పోయే సందులు కూడా సన్నగానే పెట్టారు. కాబట్టి మాన్యువల్లో ఏ గ్రేడ్ ఉంటే అదే, దాంట్లో రెండు మూడు రాసుంటే వాటిల్లో ఒకటి, అంతకుమించి సొంత తెలివి వద్దు. డబ్బా వెనక ఏపీఐ (ఆయిల్ నాణ్యతకి రకాలు పెట్టే అమెరికా సంస్థ) అని గుండ్రటి గుర్తులో ఎస్‌పీ అని ఉంటే అది 2020లో వచ్చిన రకం, పాత ఎస్ఎన్ కంటే పైది, ఎస్ఎన్ అడిగిన బండికి ఎస్‌పీ నిస్సందేహంగా వేసుకోవచ్చు.

దుమ్ము సంగతి చెప్తానన్నా కదా. మాన్యువల్లో మామూలుగా 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందొస్తే అది అని ఉంటది. అదే మాన్యువల్లో ఇంకో పట్టిక కూడా ఉంటది, దుమ్ము రోడ్లు, కష్టమైన వాడకం ఉన్నవాళ్ళకి, దాన్ని ఎవరూ చదవరు. చీమకుర్తి రోడ్డు కచ్చితంగా ఆ రెండో లెక్కలోకే వస్తది. రాతి దుమ్ము ఎయిర్ ఫిల్టర్ దాటి ఏ కొంచెం లోపలికి పోయినా సిలిండర్ గోడల్ని గీరి చివరికి ఆయిల్లోనే చేరుద్ది. అందుకని నేను ఏడెనిమిది వేలకే మారుస్తా, ఎయిర్ ఫిల్టర్ ఇంకా ముందే. ఆయిల్ నల్లబడింది కాబట్టి పాడైంది అనేది మాత్రం తప్పు, మసిని పట్టి తనలో కలుపుకునే మందులు ఆయిల్లో ఉంటాయి, అవి పని చేస్తే నల్లబడాల్సిందే. చూడాల్సింది వేరే. దిగిన ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీళ్ళో కూలెంటో కలుస్తున్నట్టు, తెల్ల గుడ్డ మీద రాసి ఎండలో చూస్తే మెరిసే రజను బాగా కనపడితే లోపల ఏదో అరుగుతున్నట్టు. ఆ రెండిట్లో ఏది కనపడినా ఆయిల్ మార్చి ఊరుకోకుండా మంచి మెకానిక్‌కి చూపించాలి. సర్వీస్ సెంటర్లో ఇచ్చేస్తే ఈ ఆయిల్‌ని మనం కంటితో చూసే అవకాశమే ఉండదు, నాకు నచ్చింది ఇదే.

కొనేది తెలిసిన షాపులోనే, బిల్లుతో. ఆన్‌లైన్లో రేటు మరీ తక్కువ కనపడితే నాకు భయమే, డూప్లికేట్ డబ్బాలు మార్కెట్లో ఉన్నాయి, సీలు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ చూసుకోకుండా తీసుకోను. మూడున్నర లీటర్ల డబ్బా మా బండికి సరిపోయి కొంచెం మిగుల్తది. ఖాళీ డబ్బాలు షాపులోగానీ పాత సామాన్లవాడికిగానీ ఇచ్చేముందు సీలు చోట కత్తితో కోసి ఇస్తా, మళ్ళీ వాటిల్లోనే ఏదో పోసి అమ్మకుండా.

ఇంక పాత ఆయిల్. ఎవరైనా నన్ను సలహా అడిగితే మొట్టమొదట ఇదే అడుగుతా, దిగిన ఆయిల్ ఎక్కడిస్తావు అని. దానికి జవాబు లేకపోతే ఆయిల్ మార్చొద్దు. సైడు కాలవలో పోస్తే అది చెరువుకో వాగుకో పోయి తేలుద్ది. కొత్తపట్నం వైపు రొయ్యల గుంటలు ఉన్న మా బావని అడగండి, నీళ్ళ మీద ఆయిల్ పొర పడితే గాలి నీళ్ళలో కలవదు, రొయ్యకి ఆక్సిజన్ అందదు, ఎన్ని ఏరేటర్లు తిప్పినా ఆ బాధ తీరదు. కాలిన ఆయిల్ 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల రూల్స్ కిందకి వస్తది, ఊరికే అనలేదు, అందులో చేరిన లోహాలూ మసీ మట్టికి, నీటికి, మన చర్మానికి కూడా చెడ్డవి, గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. సెంట్రింగ్ వాళ్ళు పలకలకి రాయటానికి అడుగుతారు, చెదలకి తలుపు చెక్కకి రాస్తామని కొందరు అడుగుతారు, నేను ఇవ్వను. కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాలోనే గరాటుతో పోసి, ఫిల్టర్‌ని ఒక రాత్రంతా బోర్లించి కారనిచ్చి, రెండూ తెలిసిన షెడ్డుకి తీసుకెళ్తా, అక్కడ డ్రమ్ములో పోగేసి మళ్ళీ శుద్ధి చేసేవాళ్ళకి ఇస్తారు. ఆ షెడ్డు అన్న దగ్గర డ్రమ్ము ఉంది కాబట్టే నేను ఈ పని ఇంటి దగ్గర చేయగలుగుతున్నా.

అపార్ట్‌మెంట్ సెల్లార్లో ఉండేవాళ్ళు, నడుము నొప్పి ఉన్నవాళ్ళు దీని జోలికి పోవద్దు, మెకానిక్‌ని పెట్టుకుని మీ ఆయిల్, మీ ఫిల్టర్, మీ వాషర్ మీరే కొనిచ్చి పక్కన నిలబడండి, అది కూడా మంచి పద్ధతే. గేర్ ఆయిల్ మాత్రం నేను షెడ్డులోనే మార్పిస్తా, దానికి బండి నాలుగు చక్రాలూ సమానంగా పైకి లేచి ఉండాలి, లెవెల్ చూసేది పక్క రంధ్రంలోంచి, నా ర్యాంపుల మీద అది కుదరదు.